పళ్లెం తిరగేసి చూస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మమ్మ నుంచి వచ్చిన చిన్న పింగాణీ పళ్లెం అడుగున నీలిరంగుతో వేసిన రెండు కత్తులు ఒకదాన్నొకటి ఖండించుకుంటూ ఉన్నాయి. వాటి మీదుగా సన్నని గీత కూడా గీసి ఉంది. ఇది మైసెన్ పింగాణీయేనా?

జవాబు: కత్తుల గుర్తు చూసి ఆ మాట చెప్పడానికి నేను సాహసించను. జర్మనీలోని సాక్సనీలో 1710లో మొదలైన మైసెన్ కర్మాగారం తమ పాలకుడి రాజచిహ్నంలోని కత్తులను 1720ల నుంచి గుర్తుగా వాడుతున్న మాట నిజమే. కానీ యూరపులో పింగాణీకి అంతటి పేరు మరొకటి లేనందువల్ల ఆ కత్తులను అనుకరించినవారూ అంతమంది ఉన్నారు. ఇంగ్లండులోని వూస్టర్ కర్మాగారం పద్దెనిమిదో శతాబ్దంలోనే కొన్ని పాత్రల మీద ఇలాంటి కత్తులు వేసింది. పారిస్‌లో 1845లో మొదలైన సామ్సన్ సంస్థ పాత పింగాణీకి నకళ్లు చేస్తూ, వాటి మీద కత్తులను తలపించే గుర్తులు వాడింది. కాబట్టి అనుకరణ అయినంత మాత్రాన మీ పళ్లెం కొత్తదనుకోనక్కరలేదు. అదీ నూరేళ్లు దాటినదే కావచ్చు.

ముందుగా పళ్లాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని, ముద్ర మీద గోరు మెల్లగా ఆడించండి. మైసెన్ కత్తులను కుంచెతో గీసి, పైన గ్లేజు, అంటే గాజులా మెరిసే పూత పూసి బట్టీలో కాలుస్తారు. అంత వేడికి తట్టుకునే కోబాల్టు నీలం గనుక రంగు గాజుపొర కింద నిలిచి ఉంటుంది. అలాంటి ముద్ర గోటికి తగలదు. గోటికి గరుకుగా తగిలినా, వెలుగులో రంగు అంచు ఉబ్బెత్తుగా కనిపించినా, ముద్రను గ్లేజు పైన తరువాత వేశారని అర్థం. అది అనుమానించవలసిన విషయం. చేత్తో గీసినవి కాబట్టి ఏ రెండు జతల కత్తులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. పిడుల మధ్య చుక్క ఉంటే సాధారణంగా 1763-74 కాలానికీ, నక్షత్రం ఉంటే 1774-1814 కాలానికీ చెందినదని లెక్కిస్తారు. అయితే నకలు చేసేవారికి చుక్క పెట్టడం ఏమంత కష్టం!

ఇక ఆ గీత సంగతి. దాన్ని భూతద్దంతో చూడండి. గ్లేజును కోస్తూ పోయినట్టుంటే, మీ పళ్లెం లోపమున్న సరుకుగానో, బొమ్మలు వేయని తెల్ల పళ్లెంగానో కర్మాగారం నుంచి బయటికి వచ్చి ఉండవచ్చు. తెల్ల పళ్లేలను కొనుక్కుని బయటి చిత్రకారులు పూలు వేసి అమ్మేవారు. అలాంటప్పుడు పింగాణీ మైసెన్‌దే అయినా పైనున్న పూలు మైసెన్‌వి కావు.

ప్రశ్న: నా దగ్గరున్న ఇంగ్లీషు పళ్లెం వెనక వజ్రం ఆకారపు గుర్తు ఉంది. దాని కుడి మూలలో ‘హెచ్’ అక్షరం, పక్కన విడిగా ‘ఇంగ్లండ్’ అన్న మాట ఉన్నాయి. పాత వస్తువులు తెలిసిన ఒకరు 1843 అన్నారు.

జవాబు: ఆ ‘హెచ్’ ఏ మూలన ఉందన్నదే ఇక్కడ కీలకం. వజ్రం గుర్తు బ్రిటన్‌లో 1842 నుంచి 1883 వరకు డిజైన్ల నమోదుకు వాడినది. శిఖరాన ఉన్న వలయంలోని రోమన్ నాలుగు అంకె మట్టి, పింగాణీ సరుకును సూచిస్తుంది. 1867 వరకు, నమోదైన సంవత్సరాన్ని సూచించే అక్షరాన్ని ఆ వలయానికి దిగువన, పై మూలలో వేసేవారు; 1868 నుంచి కుడి మూలకు మార్చి, అవే అక్షరాలను మళ్లీ వాడారు. ‘హెచ్’ పై మూలలో ఉంటే 1843, కుడి మూలలో ఉంటే 1869. అందువల్ల మీ డిజైను 1869లో నమోదైంది.

నేను డిజైను అన్నాను, పళ్లెం అనలేదు. నమోదు తరువాత ఏళ్ల తరబడి అదే డిజైనుతో, అదే గుర్తుతో సరుకు తయారుచేయడం మామూలే. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల, 1891 నుంచి ఆ దేశానికి వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాల్సి వచ్చింది. అంతకుముందే ‘ఇంగ్లండ్’ అని వేసుకున్నవారు కొందరు లేకపోలేదు గానీ, మీ పళ్లెం 1891 తరువాతిదనుకోవడానికే మొగ్గు ఎక్కువ.

ప్రశ్న: చైనా గిన్నె అడుగున ఉన్న ఆరు అక్షరాలను చదివించాను. మింగ్ వంశపు చెంగ్‌హువా చక్రవర్తి కాలంలో చేసినదని రాసి ఉందట. నమ్మవచ్చా?

జవాబు: చదివింది సరైనదే కావచ్చు, నమ్మడం వేరు. చెంగ్‌హువా కాలమంటే 1465 నుంచి 1487 వరకు. రెండు శతాబ్దాల తరువాత కాంగ్‌షీ చక్రవర్తి కాలపు కుమ్మరులు ఆ పేరును విరివిగా రాశారు. అందులో మోసం కన్నా పాత పనితనం మీది గౌరవమే ఎక్కువ. పైగా 1677లో, పింగాణీ తయారయ్యే జింగ్‌దెజెన్ పట్టణపు అధికారి పాత్రల మీద కాంగ్‌షీ పేరు రాయకూడదని నిషేధించాడు; పాత పేర్లు రాయడానికి అదీ ఒక కారణం. అక్షరాలను పక్కనపెట్టి, గ్లేజు అంటని అడుగు అంచులో మట్టి రంగునూ, అంచును చెక్కిన తీరునూ నిపుణులకు చూపించండి.

ప్రశ్న: ఇంగ్లీషు పాత్రల మీద ముద్రగా ఉండే వెడ్జ్‌వుడ్ పేరులో ‘జీ’ తరువాత ‘ఈ’ అక్షరం ఉంటే అచ్చుతప్పా?

జవాబు: కాదు, వేరే సంస్థ. 1759లో జొసయ్యా వెడ్జ్‌వుడ్ స్థాపించిన సంస్థ పేరులో ఆ ‘ఈ’ లేదు. ఇంగ్లండులోనే స్టాక్‌టన్‌లో ఉన్న విలియం స్మిత్ సంస్థ ఆ అదనపు అక్షరంతో ముద్ర వేసి సరుకు అమ్మింది. 1848లో కోర్టు దాన్ని ఆపించింది.