రెండు టికెట్ల నడుమ ఒక రాత్రి

హన్మకొండ

ప్రియమైన బిడ్డకు మేనత్త దీవించి రాస్తున్నది.

ఆదివారం సాయంత్రం మీ బాపు ఫోన్ చేసి, జనవరి మొదటి వారంలో నువ్వు చదువుకు అమెరికా బయలుదేరుతున్నావని చెప్పినప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఫోన్ పెట్టేసి చూసుకుంటే ఈనెలు గిన్నెలో ఉన్నాయి, కాయలు చెత్తబుట్టలో ఉన్నాయి. మన ఇంటి ఆడపిల్ల ఒక్కతే సముద్రం దాటి చదువుకు పోవడం ఇదే మొదలు. మీ నాయనమ్మ ఉంటే వాడంతా తిరిగి చెప్పుకొనేది. అంత సంతోషంలోనూ మీ బాపు చివరన అన్న ఒక మాట నాకు నిద్ర లేకుండా చేసింది. "ఢిల్లీ దాకా ఒక టికెట్టు, ఢిల్లీ నుంచి చికాగోకు ఇంకొకటి, అక్కడి నుంచి మరొకటి విడిగా తీసుకున్నది అక్కా, పద్నాలుగు వేలు మిగిలినయట" అని ఆయన మురిసిపోతూ చెప్పాడు. ఆ మురిపెం చూసి నాకు భయం వేసింది.

నీకు తెలిసిన సంగతులు ఎక్కువ రాయను. పాస్‌పోర్టులో ఉన్న పేరే మూడు టికెట్లలోనూ అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూసుకో. ఐ-20 అనే అమెరికా కాలేజీ పంపిన ప్రవేశ పత్రం, కాకతీయ విశ్వవిద్యాలయం మెమోలు, ఫీజు కట్టిన రసీదులు, మందులు, వాటి చీటీ చేతిసంచిలోనే ఉండాలి. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే ఉప్పల్ రద్దీ తప్పుతుందని మీ బాపుకు రెండుసార్లు చెప్పు, ఒకసారి చెబితే ఆయన వినడు.

ఇక అసలు సంగతి. శంషాబాదు నుంచి చివరి ఊరి దాకా ఒకే టికెట్టు ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా తరువాతి విమానంలో చోటు చూపించవలసిన బాధ్యత టికెట్టు ఇచ్చిన సంస్థదే. పెట్టెలు కూడా ఢిల్లీలో నీ కంటపడకుండానే ముందుకు పోతాయి. విడివిడిగా కొన్నప్పుడు, నువ్వు వేరే విమానంలో వస్తున్న సంగతే రెండో సంస్థకు తెలియదు, తెలిసినా దానికి పట్టదు. ఢిల్లీలో పెట్టెలు నువ్వే దింపుకోవాలి, బయటికి రావాలి, మళ్లీ మొదటి నుంచి అప్పగించుకోవాలి. కౌంటరు మూసే వేళకు ముందు నువ్వు అక్కడ నిలబడకపోతే వాళ్ల లెక్కలో నువ్వు రాని మనిషివి. అంతటితో అయిపోదు, ఆ టికెట్టులో తరువాత ఉన్న ప్రయాణాలు కూడా, తిరుగు ప్రయాణంతో సహా, రద్దయిపోతాయి. ఈ ముక్క నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో.

2016లో సంక్రాంతి జనవరి 15న వచ్చింది. మీ వదినకు, అదే అమెరికాలో ఉన్న నా బిడ్డకు, ఆ నెలాఖరుకు కాన్పు అని డాక్టరు చెప్పింది, నేను అక్కడికి పోవాలి. మా అల్లుడు నీలాగే లెక్కలు వేసి, రెండు టికెట్లు విడిగా కొంటే చవక అన్నాడు. అయితే ఆయన ఒక షరతు పెట్టాడు. 12వ తేదీనే ఢిల్లీ చేరుకొని, విమానాశ్రయం దగ్గర గది తీసుకొని పడుకొని, 13వ తేదీ మధ్యాహ్నం పెద్ద విమానం ఎక్కమని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. 12వ తేదీ మంగళవారం. నిండు చూలాలైన బిడ్డ దగ్గరికి మంగళవారం బయలుదేరడమేమిటని నేను మొండికేశాను, పైగా ఒక్క రాత్రికి గది అద్దె మూడు వేలు దండుగ అనుకున్నాను. చివరకు బుధవారం పొద్దున ఆరున్నర విమానానికే టికెట్టు కొనిపించాను. అది ఎనిమిది ముప్పావుకు ఢిల్లీలో దిగుతుంది, అమెరికా విమానం ఒంటిగంటన్నరకు, నడుమ కావలసినంత సమయం ఉన్నదని నా లెక్క. ఉత్తర దిక్కుకు వారశూల, అంటే ఆ దిక్కుకు ప్రయాణం కూడదన్న పట్టింపు, మంగళవారమే కాదు, బుధవారం కూడా ఉంటుందని మీ బాపు తరువాత పంచాంగం తెచ్చి మరీ చూపించాడు. ఢిల్లీ మనకు ఉత్తరమే కదా. అంటే నేను పట్టుకున్న శాస్త్రాన్ని కూడా సగమే పట్టుకున్నాను.

శంషాబాదులో తూకం దగ్గరే తల తిరిగింది. అమెరికా టికెట్టు మీద 23 కిలోల పెట్టెలు రెండు ఉచితం, ఢిల్లీ టికెట్టు మీద మొత్తం 15 కిలోలే. అంటే 31 కిలోలకు అదనపు డబ్బు కట్టాలి. అంతమంది చూస్తుండగా కొంగు నడుముకు దోపుకొని, నేల మీద పెట్టెలు విప్పి, బియ్యప్పిండి, పప్పులు, ఇత్తడి గిన్నె కలిపి 9 కిలోలు తీశాను. వాటిని గేటు బయట నిలబడిన మీ మామయ్య చేతికిచ్చి, మిగిలిన 22 కిలోలకు ఆరు వేల పైచిలుకు కట్టాను. ఆయన ఆ మూట పట్టుకొని హన్మకొండ బస్సు ఎక్కాడు. సకినాల డబ్బాను మాత్రం తీయనీయలేదు.

ఢిల్లీలో డిసెంబరు రెండో సగం నుంచి జనవరి దాకా తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది. రన్‌వే సరిగా కనిపించనప్పుడు, తగిన పరికరాలు, తగిన శిక్షణ ఉన్న పైలట్లు ఉన్న విమానాలనే దిగనిస్తారు, వాటిని కూడా ఎడం పెంచి దించుతారు. మిగిలినవి బయలుదేరవలసిన ఊరిలోనే ఆగిపోతాయి. మాది శంషాబాదులో తొమ్మిదిన్నర దాటేదాకా కదలలేదు. ఢిల్లీలో దిగేసరికి పదకొండు ముప్పావు అయింది, పెట్టెలు బెల్టు మీదికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మేము దిగినది ఒకటో టెర్మినల్, నేను ఎక్కవలసినది మూడో టెర్మినల్. పేరుకు రెండూ ఒకే విమానాశ్రయం, కానీ నడుమ బస్సు ఎక్కి పోవలసినంత దూరం. మూడో టెర్మినల్ గేటు దగ్గర జవాను టికెట్టు కాగితం, పాస్‌పోర్టు చూసి లోపలికి పంపాడు. నేను కౌంటరు చేరేసరికి ఒంటిగంట దాటి అయిదు నిమిషాలైంది, కౌంటరు మాత్రం పన్నెండున్నరకే మూసేశారు. విమానం ఇంకా అక్కడే ఉన్నది, బోర్డు మీద దాని నంబరు వెలుగుతూనే ఉన్నది. మొదటి విమాన సంస్థకు ఫోన్ చేస్తే, "మిమ్మల్ని ఢిల్లీ చేర్చాం కదమ్మా" అన్నారు. అది అబద్ధమని ఎట్లా అంటాం?

మరునాటి విమానంలో చోటు దొరికింది. జరిమానా, ధరలో తేడా కలిపి 58,000 రూపాయలు అల్లుడు అక్కడి నుంచి కట్టాడు. ఆ రాత్రి ఇనుప కుర్చీలో, కాళ్లు ఒక పెట్టె మీద, చేయి ఇంకొక పెట్టె మీద వేసుకొని కూర్చున్నాను. బాత్రూముకు పోవాలంటే ట్రాలీని కూడా తోసుకుపోవాలి కనుక నీళ్లు తాగడం మానేశాను. రెండింటికి ఆకలికి ఆగలేక సకినాల డబ్బా మూత తీస్తే, ఒక్క చుట్టు కూడా నిలవలేదు, ముక్కలన్నీ పైన, రాలిన నూగులన్నీ అడుగున ఉన్నాయి. ఆ ముక్కలు నోట్లో ఉండగానే ఫోన్ మోగింది. మీ వదినకు నొప్పులు ముందుగానే మొదలయ్యాయని, ఆసుపత్రికి తీసుకుపోతున్నామని అల్లుడు చెప్పాడు. నేను చేరేసరికి మనవరాలు పుట్టి పదిహేడు గంటలైంది. ఆ పిల్లకు ఇప్పుడు పదో ఏడు నడుస్తున్నది. మీ వదిన ఈనాటి వరకు ఆ సంగతి గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే కొంత తేలికయ్యేది.

అందుకే అడుగుతున్నాను, ఇంజనీరింగు చదివినదానివి, అదే జనవరిలో, అదే పొద్దున విమానం పట్టుకొని, నడుమ అయిదు గంటలు పెట్టుకొని ఎట్లా కొన్నావు? మీ బాపు నిన్ను మెచ్చుకోవడం సరే, నన్ను కూడా ఒక మాట అడిగితే నీ తెలివి తగ్గేదా? కోప్పడుతున్నానని అనుకోకు. ఆ కుర్చీలో నువ్వు కూర్చున్నట్టు నాకు రాత్రంతా కనిపించింది, అంతే. ఆ ఢిల్లీ టికెట్టును ముందురోజు మధ్యాహ్నానికి మార్చుకో. పొగమంచు సాధారణంగా అప్పటికి విడిపోతుంది. ఏరోసిటీలో గాని, విమానాశ్రయానికి దగ్గరలో ఇంకెక్కడైనా గాని గది ముందుగానే తీసుకొని, దాని చిరునామా మీ బాపుకూ నాకూ పంపు. నువ్వు దిగే టెర్మినల్ ఏదో టికెట్టు మీద చూసుకో. రెండు, మూడు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి మాత్రం దూరం. ఈ మార్పుకు, గదికి, అదనపు బరువుకు అయ్యే ఖర్చును ఆ పద్నాలుగు వేలలో నుంచి తీసేసి, ఎంత మిగిలిందో కాగితం మీద వేసి చూడు. ఏమీ మిగలకపోతే, రద్దు చేస్తే ఎంత పోతుందో కనుక్కొని, ఒకే టికెట్టుకు మార్చుకోవడం నయం.

బరువు విషయంలో మూడు టికెట్లలో ఏది తక్కువ ఇస్తే అదే నీ కొలత. అంతర్జాతీయ టికెట్టు చూపిస్తే కొన్ని సంస్థలు ఢిల్లీ విమానంలో ఎక్కువ బరువు ఒప్పుకుంటాయి, కానీ ఆ మాట ముందుగానే రాతలో తెప్పించుకో, కౌంటరు దగ్గర ఫోనులో విన్న మాట చెల్లదు. చేతిపెట్టె 7 కిలోలంటే పెట్టె బరువుతో కలిపి 7. చక్రాల పెట్టె ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది. పవర్ బ్యాంకు చేతిపెట్టెలోనే ఉండాలి, కింద వేసే పెట్టెలో ఉండకూడదు. ఆవకాయ, కారప్పొడి అందుకు తలకిందులు, అవి కింది పెట్టెలోనే పోవాలి. మీ అమ్మ శుభమని పసుపు, కుంకుమ, కుడుకలు పెడుతుంది. పసుపు కుంకుమలు ఉండనీ, కుడుకలు మాత్రం ఆమె చూడకుండా తీసేయి. ఎండుకొబ్బరిలో నూనె ఉంటుంది, అది వేడెక్కి అంటుకునే సరుకు కింద లెక్క, రెండు పెట్టెల్లోనూ పనికిరాదు. అమెరికాలో దిగేటప్పుడు తినే వస్తువు ఏది ఉన్నా దాచకుండా చెప్పు.

చికాగోలో మూడో టికెట్టు సంగతి కూడా చూడాలి. ఆ ఊరిలో విమానాశ్రయాలు రెండు, ఓహేర్, మిడ్‌వే. నీ టికెట్టు మీద ఓఆర్‌డీ అని ఉందా, ఎండీడబ్ల్యూ అని ఉందా ఈ రోజే చూసి నాకు రాయి. రెండోదైతే ఊరు దాటి పోవాలి. మొదటిదైనా, ఇమిగ్రేషన్ వరుస ముగించి, పెట్టెలు దింపుకొని, కస్టమ్స్ దాటి, చాలావరకు అయిదో టెర్మినల్ నుంచి రైలులో మరో టెర్మినల్‌కు పోవలసి వస్తుంది. అది కూడా విడి టికెట్టే కనుక ఆలస్యమైతే అక్కడ కూడా అడిగే దిక్కు ఉండదు. ఆఖరి విమానం చిన్నదైతే తలుపు దగ్గరే చేతిపెట్టె తీసుకొని కింద వేస్తారు, కాబట్టి పాస్‌పోర్టు, ఐ-20, పవర్ బ్యాంకు ఒక చిన్న గుడ్డసంచిలో విడిగా పెట్టి, ఆ సంచిని మెడలో వేసుకో.

మా ఇంట్లో ఉన్న వేలాడే కాంటాను ఆదివారం మీ బాపు వచ్చినప్పుడు పంపుతాను. ముందు ఖాళీ పెట్టెను తూచి, ఆ అంకెను మూత లోపల రాసుకో. సకినాలు నేనే చేస్తాను, ఈసారి కిలోకు మించి పెట్టను, చుట్టుకూ చుట్టుకూ నడుమ కాగితం వేస్తాను. నువ్వు ముందురోజే బయలుదేరితే అది మంగళవారం అవుతుందని మీ అమ్మ అంటుంది. మేనత్త పొమ్మన్నదని చెప్పు.

నీ మేనత్త