అన్న పొలం రాయించుకున్నాడు, క్షమించాలంటే కేసు వదులుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు మంచాన పడ్డాక మీ అన్నయ్య తాతలనాటి పొలమంతా తన పేరున గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాయించుకున్నారు. ఇద్దరిదీ ఒకే సంఘం (చర్చి). "క్షమించెయ్, కేసు వద్దు" అని పెద్దలంటున్నారు. మీకేమో ఆయన్ని నలుగురిలో నిలదీయాలని ఉంది.

క్షమించడమంటే పగ తీర్చుకోవడం మానుకోవడం. అన్యాయమే జరగలేదని ఒప్పుకోవడం కాదు, వాటా వదులుకుంటూ సంతకం పెట్టడం అంతకన్నా కాదు. బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు ఒక కథ చెప్పాడు: రాజు దగ్గర పెద్ద అప్పు మాఫీ చేయించుకున్న దాసుడు, తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ని మాత్రం వదల్లేదు. ఆ తోటి దాసుడు బాకీపడింది 100 దేనారాలు. రోజు కూలి ఒక దేనారం, అంటే 100 రోజుల కూలి. యేసు దాన్ని చిల్లర అని కొట్టిపారేయలేదు. మొదటివాడికి మాఫీ అయిన 10,000 తలాంతుల పక్కన పెట్టి చూపించాడు. తలాంతుకు 6,000 దేనారాలు వేసుకుంటే అది 6 కోట్ల రోజుల కూలి. కాబట్టి మీ 100 దేనారాల లెక్క కూడా ముందు నిజాయితీగా రాసుకోండి. పొలం సంగతి, నాన్నగారి సంతకం సంగతి మీ దగ్గర దాచడం, అడిగితే అన్న మాటలు, అన్నీ విడివిడిగా. ఒక్కోదాని ఎదురుగా, మీరు మానుకుంటున్న పగ ఏదో రాయండి: ఆయన కూతురి పెళ్లికి వెళ్లకపోవడం, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో దెప్పిపొడవడం, పిల్లల్ని వాళ్లింటికి పంపకపోవడం. ఇవేవీ రాసుకోకుండా "అన్నీ క్షమించేశాను" అంటే, ఏ శుభకార్యంలోనో ఆయన కనబడగానే కోపం మొదటికొస్తుంది. వస్తే కంగారు పడకండి, ఆ ఒక్కదాన్నే మళ్లీ దేవుని ముందు పెట్టండి. ఒకే గాయాన్ని చాలాసార్లు క్షమించాల్సి వస్తుంది.

మన సంఘాల్లో ఎక్కువగా బెడిసికొట్టేది ప్రార్థన అంశం. "మా అన్నయ్య మారుమనసు కోసం ప్రార్థించండి" అని కూడికలో లేచి చెబితే, బయటికొచ్చేసరికి సంగతి అందరి నోటా ఉంటుంది. అదీ పగ తీర్చుకోవడమే. నోరు జారని ఒక్క మనిషికి చెప్పుకోండి, చాలు.

తర్వాత ఆయన దగ్గరికి వెళ్లండి. అదే అధ్యాయం 15-17 వచనాల్లో వరుస ఉంది: ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో, ఆ తర్వాతే సంఘానికి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అందుకే అవతలివాళ్లు బిగుసుకుపోతారు. ఫోన్లో వద్దు, వదినగారి ముందు అసలొద్దు. "నిన్ను క్షమించాను" అని మొదలుపెట్టకండి. తప్పు ఒప్పుకోని మనిషికి అది నిందలా వినబడుతుంది. "గిఫ్ట్ డీడ్ సంగతి తెలిసింది అన్నయ్యా, నా వాటా గురించి కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. సాక్షులు ఇద్దరికీ సమ్మతమైనవాళ్లే అయ్యుండాలి. ఒప్పుకున్నది ఆ రోజే కాగితం మీద పెట్టాలి.

కోర్టు సంగతి. అన్యాయం సహించడం మేలు కాదా అని అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో అడిగిన మాట నిజమే. దాన్ని మీకు మీరు చెప్పుకోవచ్చు. కానీ ఆ వెంటనే 8వ వచనంలో, సహోదరులనే మోసం చేస్తున్నారని లాక్కున్నవాళ్లను గద్దించాడు. తగువు తీర్చగల వివేకి మీలో ఒక్కడైనా లేడా అని 5వ వచనంలో సంఘాన్నీ నిలదీశాడు. మీ పెద్దలు ఆ పని చేయాలి: దస్తావేజులు తెప్పించి ఇద్దరినీ కూర్చోబెట్టాలి. అది చేయకుండా మిమ్మల్ని మాత్రమే నోరు మూసుకోమనడం వాక్యాన్ని సగమే చదవడం. 1999లో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో తన భర్త, మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు కొడుకులనూ సజీవదహనం చేసినవాళ్లను గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించానన్నారు. అయినా కేసు నడిచింది, 2011లో సుప్రీంకోర్టు ప్రధాన దోషికి యావజ్జీవం ఖరారు చేసింది. ఆమె క్షమాపణ అబద్ధమైపోలేదు.

గడువు మాత్రం మరవకండి. గిఫ్ట్ డీడ్ రద్దు కోరే దావాకు, సంగతి తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లే టైం. పెద్దల మాటలతో అది దాటనివ్వకండి. రాజీకి వీలుంటే లోక్ అదాలత్ (తగువులు రాజీతో తేల్చే వేదిక) మేలు, అక్కడ కోర్టు ఫీజు ఉండదు, అక్కడిచ్చే అవార్డుకు (తీర్పుకు) కోర్టు డిక్రీ విలువ ఉంటుంది.

బైబిల్లో, తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజు ఏన్గెదీ గుహలో చేతికి చిక్కినా, దావీదు అతన్ని చంపకుండా వదిలేశాడు, కానీ అతని వెంట తిరిగి వెళ్లలేదు, కొండస్థలానికి వెళ్లిపోయాడు. మీరూ వాళ్లింటికి వెళ్లండి, అన్నయ్యను పలకరించండి. ఆయన ముందుంచే కాగితం దేనిమీదా మాత్రం, మీ లాయరు చదవకుండా సంతకం చేయకండి.