కాంట్రాక్టర్లకు ముకుతాడు వేసే ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మాది విజయనగరం. కాంట్రాక్టుకిచ్చి కట్టించిన ఇల్లు ఏడాది తిరక్కుండానే కురుస్తోంది. ఫోన్ చేస్తే ఎత్తడు. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో ఏడాది. ఇలాంటివాళ్లకు ముకుతాడు వేసే ఉద్యోగమే చేస్తానంటోంది. ఉందా?

జవాబు: ఉందండీ. కాకపోతే ఆ పని ఒక్క ఆఫీసులో లేదు.

ముందు మీ ఇంటి సంగతి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (2016), అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకే. అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. మన స్థలంలో మనం మాట్లాడుకున్న కాంట్రాక్టరు దాని కిందికి రాడు. మీ దారి వినియోగదారుల కమిషన్. సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపే కేసు వెయ్యాలి, నాన్చకండి.

ఇక అమ్మాయి సంగతి. రెరాలో బిల్డరు కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం విడిగా ఖాతాలో ఉంచాలి. అందులోంచి తియ్యాలంటే పని ఎంతవరకు అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ ధ్రువీకరించాలి. అసలు ముకుతాడు ఆ ఇంజనీరు సంతకమే. మున్సిపల్ టౌన్ ప్లానింగ్ ఉద్యోగాలున్నాయి. గేట్ రాసి స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చేయొచ్చు. వాదించే నోరుంటే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు. సివిల్ తెలిసిన లాయరు దొరకడం కష్టం.

ఏ దారైనా ముందు రెండేళ్లు సైట్లో క్వాలిటీ కంట్రోల్ చేయమంటాను. శ్లాబు వేసేరోజు మేస్త్రీ మాలు జారుగా ఉండాలని ఇంకో బకెట్ నీళ్లు పోయిస్తాడు. చూడ్డానికి ఏ తేడా ఉండదు. అదే మాలుతో పోసిన 15 సెంటీమీటర్ల క్యూబును 28 రోజులకు మెషిన్లో నొక్కితే అప్పుడు నిజం కక్కుతుంది. ఎం20 అని, అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంటుందని రాసుకున్న కాంక్రీటు 20 దాకా రాదు. ఆ రిపోర్టు దిద్దమని ఒత్తిడొస్తుంది. అమ్మాయి నిలబడగలదో లేదో అక్కడే తేలుతుంది. 2014లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వారిలో మీ ఉత్తరాంధ్ర కూలీలు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ వేసవికి ఏసీ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ వద్దు, టెస్టింగ్ ల్యాబ్ ఉన్న సైటు వెతుక్కోమనండి. ఈలోగా మీ శ్లాబు ఎక్కడెక్కడ కురుస్తోందో తేదీలతో ఫొటోలు తీసి, తననే ఒక నివేదిక రాయమనండి. కమిషన్లో కేసుకు పనికొస్తుంది.