మోకాళ్ళు బాగాలేనివాళ్ళు ఏ మార్షల్ ఆర్ట్ నేర్చుకోవచ్చు?

నలభై దగ్గరపడుతోంది, మెట్లు దిగేటప్పుడు మోకాలు నొప్పి, డాక్టరేమో గుజ్జు కొంచెం అరిగిందన్నారు, అయినా కరాటే, జూడో, జియుజిట్సు (నేల మీద పట్లు పట్టే కుస్తీలాంటిది), తాయ్ చీ (నెమ్మదిగా కదిలే చైనా విద్య) వీటిలో ఏదో ఒకటి నేర్చుకోవాలని ఉంది, ఏదైతే మేలు అని కదా మీరు అడిగింది. దాదాపు ఇదే ప్రశ్నతో నేను నాలుగేళ్ళు తిరిగాను కాబట్టి చెప్తున్నా.

నా ఎడమ మోకాల్లో మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే గుజ్జు) చిరిగింది టైక్వాండో క్లాసులో, అదీ ఎవరూ నన్ను ముట్టుకోకుండానే. రౌండ్ కిక్ వేస్తున్నా. కుడికాలు లేచింది, నడుము తిరిగింది, కింద ఆనించిన ఎడమ పాదం మాత్రం తిరగలేదు. మ్యాట్ కొత్తది, రబ్బరు గట్టిగా పట్టేస్తోంది, దానికి తోడు అరికాలికి చెమట. పాదం ఒకవైపు, తొడ ఒకవైపు, మధ్యలో ఇరుక్కున్నది మోకాలు. లోపల టక్కుమంది. నొప్పి పెద్దగా లేదు కదా అని ఇంకో పది కిక్కులు వేశాను కూడా (బుద్ధున్నవాడు చేసే పని కాదు). మర్నాడు పొద్దున చూస్తే మోకాలు వాచిపోయి చిప్ప ఎక్కడుందో కనబడలేదు.

తర్వాత ఫిజియో దగ్గర తెలిసిందేమిటంటే, మోకాలు తలుపు మడతబందులాంటిది, ముడుచుకోవడానికీ చాచుకోవడానికీ బాగానే పనికొస్తుంది గానీ పక్కకి తిరగడం దానికి బొత్తిగా తక్కువ. అసలు తిరగాల్సింది పైన తుంటి, కింద పాదం. అవి తిరగకపోతే ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది.

అందుకే ఏ ఆర్ట్ మంచిదనే ముందు మీ మోకాలికి ఏది పడదో తేల్చుకోండి. లోతుగా ముడిచి బరువేస్తే నొప్పా, మెలి పడితే నొప్పా, లేక లిగమెంటు (ఎముకలని కలిపి ఉంచే పట్టీ) వదులై కాలు పక్కకి జారిపోతున్నట్టుందా. ఒకరికి పడనిది ఇంకొకరికి ఏమీ కాదు. నేను గోడకుర్చీ ఎంతసేపైనా వేస్తా, మెలిపడితే మాత్రం చచ్చానే. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకంలా ఉంది, మోకాలు ముడిచేకొద్దీ చిప్ప కింద ఒత్తిడి పెరుగుతుంది, మెట్లు దిగేటప్పుడు తెలిసేది అదే. ఒకవేళ మోకాలు మధ్యలో పట్టేసి కదలకపోవడం, ఉన్నట్టుండి మడత పడిపోవడం లాంటివి ఉంటే మాత్రం క్లాసు సంగతి పక్కనపెట్టి ముందు మళ్ళీ డాక్టర్‌కి చూపించండి.

కరాటే అంటే ఒకటే కాదు. షోటోకాన్‌లో నిలబడే పద్ధతులు బాగా కిందికి, బాగా వెడల్పుగా ఉంటాయి, కిబా దాచి అనే భంగిమ అయితే గోడ లేని గోడకుర్చీ అనుకోండి. అదే వాడో ర్యూలో కాస్త నిటారుగానే నిలబడతారు, మీకు అదే నయం. ఇంకొకటి, గాలిలోకి కిక్ వేసేటప్పుడు కాలు చివరిదాకా విదిలించి టక్కున లాక్ చేయకండి. తన్నడానికి వేలాడదీసిన బ్యాగ్ ఉంటే అది దెబ్బను ఆపుతుంది, గాలిలో వేస్తే ఆపాల్సింది మీ మోకాలే.

జూడో నాకెంతో ఇష్టం, కానీ మీకు వద్దంటాను. కింద పడటం నేర్పుతారు, అది జీవితాంతం పనికొచ్చే విద్య, కాదనను. ఇబ్బందల్లా అవతలి మనిషి బరువు మన కాలి మీద ఏ వైపు నుంచి వచ్చి పడుతుందో మన చేతిలో ఉండకపోవడం. కాళ్ళ మధ్య కత్తెరలా పట్టి పడేసే కానీ బసామీ అనే ఎత్తు ఒకటుంది. 1980లో జపాన్ జూడో ఛాంపియన్ యాసుహిరో యమషితా అంతటివాడికి దాంతో కాలు విరిగింది, ఇప్పుడు పోటీల్లో అది నిషేధం. అది లేకపోయినా మామూలు ప్రాక్టీసులో ఇద్దరూ కలిసి దొర్లిపడటం రోజూ ఉండేదే.

జియుజిట్సు గురించి "అంతా నేల మీదే కదా, మోకాళ్ళకి ఏం కాదు" అంటారు. సగమే నిజం. చాలా చోట్ల స్పారింగ్ (ఇద్దరూ తలపడే ప్రాక్టీసు) మోకాళ్ళ మీద కూర్చునే మొదలుపెడతారు, అది మీకు మొదటిరోజే తెలిసిపోతుంది. పిరుదుల మీద కూర్చుని మొదలుపెడతానంటే చాలామంది ఒప్పుకుంటారు, అడగండి. అసలు భయపడాల్సింది హీల్ హుక్ అనే కాలి పట్టుకి. పేరుకి మడమ, పట్టుకునేదీ మడమే, తెగేది మోకాల్లో. నొప్పి తెలిసేసరికే ఆలస్యం అయిపోతుంది. గీ (ఆ మందపాటి యూనిఫాం) లేకుండా ఆడే పోటీల్లో బ్రౌన్, బ్లాక్ బెల్టు పెద్దవాళ్ళకి జియుజిట్సు పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ 2021లో దాన్ని అనుమతించింది కాబట్టి పెద్ద బెల్టులవాళ్ళు ప్రాక్టీస్ చేస్తూనే ఉంటారు. ఎవరితో రోల్ చేస్తున్నారో (అంటే తలపడుతున్నారో) చూసుకోండి, కాలు దొరికిందంటే పౌరుషానికి పోకుండా ట్యాప్ చేసేయండి, అంటే చేత్తో తట్టి ఓడిపోయానని చెప్పేయండి.

ఐకిడో మీరు అడగలేదు గానీ, మెత్తని ఆర్ట్ కదా అని ఎవరో ఒకరు చెప్తారు. నేనూ అలాగే వెళ్ళాను. మొదలూ చివరా వజ్రాసనంలో కూర్చోవాలి, సరే ఓర్చుకున్నాను. మూడో వారం మోకాళ్ళ మీద నడిపించారు, షిక్కో అంటారు దాన్ని. ఆ గది ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాక నాకు విషయం అర్థమైంది, మళ్ళీ వెళ్ళలేదు.

గుజ్జు అరిగినవాళ్ళకి తాయ్ చీ మీద నమ్మకంగా చెప్పుకోదగ్గ ఆధారం ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాల్లో మోకాలి ఆస్టియోఆర్థరైటిస్‌కి (గుజ్జు అరగడానికి) దీన్ని గట్టిగానే సిఫార్సు చేసింది. 2016లో 204 మందితో చేసిన ఒక అధ్యయనంలో 12 వారాల తర్వాత ఫిజియోథెరపీతో వచ్చినంత ఫలితం దీంతోనూ వచ్చింది. కాకపోతే ఇదీ తప్పుగా చేస్తే మోకాలు తినేస్తుంది. బరువు మోపిన పాదాన్ని అలాగే తిప్పకూడదు, బరువు రెండోకాలి మీదకి మార్చి, పాదం తిప్పి, అప్పుడు మళ్ళీ బరువు తేవాలి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్ళ వైపే చూడాలి. చెన్ పద్ధతిలో బాగా కిందికి దిగుతారు, మీరు దిగనక్కర్లేదు. ఎదురుగా మనిషి ఉండాలి, కొట్టుకోవాలి అనే సరదా ఉంటే మాత్రం చాలా తాయ్ చీ క్లాసుల్లో అది తీరదు, ముందే చెప్తున్నా.

నాకు ఆ సరదా ఉంది. అందుకే చివరికి బాక్సింగ్‌లో తేలాను, మూడేళ్ళయింది. కిక్కులు లేవు, కింద పడేసేవాడు లేడు, మోకాలు కొంచెమే ముడుస్తాం, కాళ్ళకి బూట్లుంటాయి. మొదటి నెల హుక్ (పక్క నుంచి తిప్పి కొట్టే గుద్దు) కొట్టిన ప్రతిసారీ పాత నొప్పి పలకరించేది. కోచ్ వెనక నిలబడి నా పాదాన్నే చూస్తూ "మడమ, మడమ" అని అరిచేవాడు. మడమ లేపి ముందుపాదం మీద తిరిగితే పాదమూ మోకాలూ తుంటీ ఒకేసారి తిరుగుతాయి, మధ్యలో మెలి ఉండదు. అది అలవాటయ్యాక నొప్పి పోయింది. స్కిప్పింగ్, పరుగు మానేసి సైకిల్ తొక్కుతా. కిందికి వంగి తప్పించుకునే బదులు తల పక్కకి జరుపుతా, చేత్తో పక్కకి నెడతా. తలకి దెబ్బలు తగిలే ఆట కాబట్టి గట్టి స్పారింగ్ జోలికి పోను. మీకు తలదెబ్బల టెన్షన్ ఉంటే ఫిలిప్పీన్స్ కర్ర విద్య ఎస్క్రిమా చూడండి, నిటారుగా నిలబడి చేతులతోనే ఎక్కువ పని. ముయ్ థాయ్ వద్దు, తొడ మీదా కాలి మీదా తన్నడమే అక్కడ రోజువారీ పని. కలరిపయట్టు చూడముచ్చటగా ఉంటుంది గానీ ఆ వడివుల (భంగిమల) లోతు చూస్తేనే నా మోకాలు మూలుగుతుంది.

చేరేముందు మాస్టర్‌ని ఒక్క మాట అడగండి, ఫలానా కదలిక నేను చేయలేను, దాని బదులు ఏం చేయమంటారని. ఏదో ఒక ప్రత్యామ్నాయం చెప్తే ఆయన దగ్గర చేరొచ్చు. "నొప్పి ఓర్చుకుంటేనే విద్య వస్తుంది" అన్నారంటే చెప్పులేసుకుని వచ్చేయండి. చేరాక కూడా క్లాసులో ఎలా ఉందన్నది నమ్మకండి, ఒళ్ళు వేడి మీద ఉంటుంది. మర్నాడు పొద్దున మెట్లు దిగి చూడండి. ముందురోజు కంటే ఎక్కువ నొప్పుంటే, వాపుంటే, చేసినదాంట్లో ఏదో ఒకటి తగ్గించాలి.

నీక్యాప్ వేసుకుంటే సరిపోతుందా అని కూడా అడిగారు. వెచ్చగా ఉంటుంది, కాస్త ధైర్యంగా ఉంటుంది, మెలి పడకుండా మాత్రం ఆపదు. నేనూ ఒకటి వేసుకుంటా, కానీ అది ఎక్కువగా ఎదుటివాడికి ఏ కాలు బాగాలేదో గుర్తుండటానికి.