జూలీ పురుడు గురించి, అమ్మడికి

అమ్మడూ,

మీ కుక్క జూలీ కడుపుతో ఉందనీ, స్కానింగ్ చూసిన దగ్గర్నుంచి నువ్వు సరిగ్గా అన్నం తినడం లేదనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ముందు నువ్వు తిను. రాబోయే మూడు నెలలు నీకు ఓపిక కావాలి.

రక్తం ఆగిపోయింది కదా, ఎద అయిపోయిందనుకున్నాను అన్నావట. చాలామంది అక్కడే పొరబడతారు. ఎద దాదాపు మూడు వారాలు ఉంటుంది. మొదట్లో ఎర్రగా కనబడే రోజుల్లో ఆడకుక్క మగకుక్కను దగ్గరికి రానివ్వదు. ఆ ఎరుపు పలచబడ్డాకే ఒప్పుకుంటుంది. సరిగ్గా అప్పుడే మనం గొలుసు వదిలేస్తాం. జరిగింది జరిగింది. వాచ్‌మన్‌ను తిట్టకు, గేటు తీయడం అతని పని.

కడుపు తీయించేద్దామా అని అల్లుడుగారు అన్నారట. ఆ మాట అన్నందుకు ఆయన మీద కోపం తెచ్చుకోకు. అది తప్పు మాట కాదు. గర్భసంచి తీసే ఆపరేషన్ ఈ సమయంలోనూ చేస్తారు, కానీ రోజులు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఉంచుకోవాలో వద్దో మీ ఇద్దరూ డాక్టర్‌తో కూర్చుని ఈ వారంలోనే తేల్చుకోండి. ఉంచుకోవాలనుకుంటే కింద రాసినవి నీకు పనికొస్తాయి.

జతకట్టిన రోజు మార్చి 27 అంటున్నావు. 63 రోజుల లెక్కన మే 29. అటూ ఇటూ జరగొచ్చు, 58 నుంచి 68 రోజుల మధ్య ఎప్పుడైనా ఈనుతుంది. అంటే సరిగ్గా రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండంటారు గానీ, మన విశాఖలో రోళ్లు పగలవు, మనుషులు చెమటలో నానిపోతారు. ఈ ఉక్కపోత సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే పిల్లలకు అది ఒకందుకు మేలే.

తిండి విషయంలో తొందరపడకు. మొదటి ఆరు వారాలు మామూలుగా తినేదే చాలు. చివరి మూడు వారాల్లో కొంచెం కొంచెం పెంచుతూ పో. కడుపులో పిల్లలు చోటంతా ఆక్రమిస్తారు కాబట్టి ఒకేసారి తినలేదు, అదే తిండిని నాలుగుసార్లుగా పెట్టు. కుక్కపిల్లలకు అమ్మే తిండే ఇప్పుడు తల్లికీ పెట్టడం మంచిది. పెరుగన్నం ఇష్టంగా తింటే పెట్టు గానీ దానితోనే సరిపెట్టకు. గుడ్డు, ఉడికించిన కోడిమాంసం ఉండాలి, ఎముకలు తీసేసి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర వద్దు.

కాల్షియం సిరప్ మాత్రం నీ అంతట నువ్వు పట్టకు. ఇది గట్టిగా చెప్తున్నాను. బలానికని ఎదురింటివాళ్లు చెప్తారు, మందుల షాపువాడు అడగకుండానే ఇస్తాడు. కడుపుతో ఉన్నప్పుడు పైనుంచి కాల్షియం పోస్తూ ఉంటే, ఎముకల్లోంచి తీసుకునే అలవాటు ఒంటికి తప్పుతుంది. పాలిచ్చే రోజుల్లో ఒక్కసారిగా అవసరం పెరిగేసరికి రక్తంలో కాల్షియం పడిపోతుంది. ఈనిన రెండు, మూడు, నాలుగు వారాల్లో జూలీ ఊరికే రొప్పుతూ, వణుకుతూ, కాళ్లు బిగదీసుకుని నడిచిందంటే అదే. అప్పుడు ఇంటి వైద్యం పనికిరాదు. పిల్లల్ని పాలకు వదలకుండా, ఉన్నపళంగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, నరంలోకి కాల్షియం ఎక్కిస్తారు. గంటలు ఆగితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

నట్టల మందు కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా, ఎందుకంటే తల్లి ఒంట్లోని నులిపురుగులు కడుపులో ఉండగానే పిల్లలకు పోతాయి. ఏ మందు, ఎన్ని రోజులు అన్నది డాక్టర్ చెప్పాలి. గోమార్ల పౌడర్ కూడా అడిగి వాడు.

55 రోజులు దాటాక, అంటే మే 21 తర్వాత, ఒక ఎక్స్-రే తీయించు. స్కానింగ్‌లో గుండెలు కొట్టుకోవడం తెలుస్తుంది గానీ పిల్లల లెక్క సరిగ్గా తేలదు. ఎక్స్-రేలో పుర్రెలు, వెన్నెముకలు లెక్కపెట్టొచ్చు. ఆరున్నాయని నీకు ముందే తెలిస్తే, అయిదు పుట్టాక జూలీ కళ్లు మూసుకుని పడుకున్నప్పుడు పని పూర్తయిందనుకుని నువ్వూ పడుకోవు.

పురిటి చోటు ఇప్పుడే చూడు. బాల్కనీ వద్దు, ఎండ, కాకులు. హాల్లో టీవీ పక్కన అసలే వద్దు. వెనక బెడ్‌రూమ్ మూల చాలు. జూలీ కాళ్లు చాపుకుని పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత పెట్టె ప్లైవుడ్‌తో చేయించు. పిల్లలు దాటలేనంత, అది దాటగలిగేంత ఎత్తు గోడలుండాలి. లోపల గోడకు కాస్త ఎడంగా, నేలకు అరచేయి ఎత్తున చుట్టూ ఒక పీవీసీ పైపు బిగించమను. తల్లి గోడకు ఆనుకుని పడుకున్నప్పుడు వెనక ఇరుక్కున్న పిల్ల నలిగిపోకుండా ఆ సందే కాపాడుతుంది. కింద న్యూస్ పేపర్లు, పైన పాత నూలు చీరలు. ఊలు దుప్పట్లు, పోగులు వచ్చే తువ్వాళ్లు వద్దు, గోళ్లకు తగులుకుంటాయి. రెండు వారాల ముందు నుంచే అక్కడ పడుకోబెట్టడం అలవాటు చేయి, లేకపోతే మీ మంచం కిందే పురుడు.

రాత్రిపూట తలుపు తీసే డాక్టర్ ఎవరో ఇప్పుడే కనుక్కుని, ఒకసారి పగలు వెళ్లి మాట్లాడి రా. మధురవాడ నుంచి సిటీలోకి హైవే మీద అర్ధరాత్రి ఎంతసేపు, తీరా వెళ్లాక షట్టర్ దించి ఉంటే ఏం లాభం?

మే 24 నుంచి పొద్దున, సాయంత్రం డిజిటల్ థర్మామీటర్‌కు కాస్త వాజెలిన్ రాసి మలద్వారంలో వేడి చూడు. మామూలుగా 101 నుంచి 102 ఫారెన్‌హీట్ చుట్టూ ఉంటుంది. 99 కంటే కిందికి పడిందంటే చాలావరకు ఒక రోజు లోపల నొప్పులు మొదలవుతాయి. తిండి మానేస్తుంది, చీరలు గీరి కుప్ప చేస్తుంది, రొప్పుతుంది, నీ వెనకే తిరుగుతుంది. ఈ దశ అర రోజు సాగినా గాభరా పడకు. నీ బిడ్డను మీ అత్తగారి గదిలో పడుకోబెట్టు, లైటు తగ్గించు, పక్క ఫ్లాట్ వాళ్లను చూడటానికి రానివ్వకు. ఒకరే దగ్గరుండండి.

తర్వాత చేసేదంతా జూలీయే. సంచిని పళ్లతో చింపుతుంది, బొడ్డుతాడు కొరుకుతుంది, నాకి నాకి పిల్లను ఏడిపిస్తుంది. మాయ తినేస్తుంది, అసహ్యించుకోకు. ఒక్కో పిల్లకు ఒక్కో మాయ పడాలి, వాటిని లెక్కపెట్టు. అన్నీ తిననిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, ఒకటి రెండు చాలు. మొదటి కాన్పు కాబట్టి తెల్లబోయి చూస్తూ ఉండిపోవచ్చు. పిల్ల సంచిలోనే ఉండిపోతే నువ్వే గోళ్లతో చింపి, ముక్కు, నోరు శుభ్రమైన గుడ్డతో తుడిచి, తల కాస్త కిందికి వంచి పట్టుకుని పొడి తువ్వాలుతో గట్టిగా రుద్దు. కీచుమనేదాకా రుద్దు. కాళ్లు పట్టుకుని విసిరినట్టు ఊపడం పాత పద్ధతి, మెదడుకు దెబ్బ, వద్దు. తాడు తెగకపోతే పొట్టకు అంగుళం దూరంలో శుభ్రమైన దారంతో ముడివేసి, ముడికి అవతల కత్తిరించి, కొసకు బెటాడిన్ అద్దు.

ఎప్పుడు పరుగెత్తాలో కూడా చెప్తాను. గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోతే. లోపల ఇంకా ఉన్నాయని తెలిసీ ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటితే. మొదటి పిల్ల పుట్టకముందే ఆకుపచ్చ నీరు కారితే. పిల్ల సగం వచ్చి ఆగిపోతే. వీటిలో ఏదైనా సరే, నాకు ఫోన్ చేసి టైమ్ పోగొట్టుకోకు, డాక్టర్‌కు చేయి. పిల్లలు పుట్టాక ముదురు ఆకుపచ్చగా కనబడటం మామూలే, తర్వాత ఎర్రగా మారి మూడు వారాలకు పైగా కొద్దికొద్దిగా పోతుంది. కంపు కొడితే, జ్వరం ఉంటే మాత్రం చూపించాలి.

పుట్టిన ప్రతి పిల్లా మొదటి గంటల్లోనే ముర్రుపాలు తాగాలి. వ్యాధుల్ని తట్టుకునే శక్తి అందులోంచే వస్తుంది, ఒక రోజు దాటితే పేగులు దాన్ని పీల్చుకోలేవు.

ఇప్పుడు ఉక్కపోత సంగతి. పుట్టిన కుక్కపిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు, వణకడం కూడా రాదు. మొదటి వారం పెట్టె దగ్గర 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మే ఆఖర్లో మనకు ఆ వేడి ఊరికే దొరుకుతుంది, బల్బు అక్కర్లేదు. అక్కడే పొరపాటు జరుగుతుంది. పాపం బాలింత, ఉడికిపోతోందని ఏసీ వేసేస్తారు. చల్లబడిన పిల్ల పాలు చీకదు, చీకనిది ఇంకా చల్లబడుతుంది, తెల్లారేసరికి ఉండదు. ఆ గదిలో ఏసీ వద్దు. ఫ్యాన్ గాలి నేరుగా పెట్టె మీద పడకూడదు. జూలీకి వేడిగా ఉంటే బయటికి వచ్చి చల్లటి గచ్చు మీద పడుకుంటుంది, తలుపు తీసి ఉంచు. పిల్లల్ని చూస్తేనే తెలిసిపోతుంది: ఒకదాని మీద ఒకటి గుట్టగా పడితే చలి, తలోదిక్కు చెదిరి ఏడుస్తుంటే వేడి, పక్కపక్కన ఒదిగి నిద్రలో ఉలిక్కిపడుతుంటే అంతా బాగుంది. వాన పడి చల్లబడిన రాత్రి వేడినీళ్ల సీసాను చీరముక్కలో చుట్టి ఒక మూల పెట్టు. ఒంటికి చల్లగా తగిలే పిల్లకు ముందు నీ ఒడిలో నెమ్మదిగా వేడి పట్టించు, ఆ తర్వాతే పాలు. చల్లని పొట్టలో పాలు అరగవు.

వంటింటి గ్రాముల తూకం ఒకటి ఉందిగా, దాన్ని ఈ రెండు నెలలు కుక్కలకు ఇచ్చేయి. రోజూ ఒకే వేళకు తూచి నోట్‌బుక్‌లో రాయి. మొదటి రోజు కొంచెం తగ్గినా తర్వాత ప్రతిరోజూ పెరగాలి, పదిరోజులకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కావాలి. ఏడవని పిల్ల బుద్ధిమంతురాలని అనుకునేవాళ్లను చూశాను. ఏడవని పిల్లే ఒక్కోసారి నీరసించిన పిల్ల, ఆ సంగతి తూకంలోనే బయటపడుతుంది. గుర్తుకు మెడలో దారం కట్టకు. ఎలాగూ జూలీ పిల్లలు ఒకే రంగులో రావు. ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురు తండ్రులు కూడా ఉండొచ్చు, ఈ మాట మీ అత్తగారికి చెప్పకు.

బరువు పెరగని పిల్లను పాలు ఎక్కువుండే వెనక చన్నుల దగ్గర పెట్టు. అయినా చాలకపోతే కుక్కపిల్లల పాలపొడి కలిపి పట్టాలి. గేదెపాలు, ఆవుపాలు దానికి బదులు కావు, కుక్కపాలలో ఉన్నంత మాంసకృత్తులు వాటిలో ఉండవు, విరేచనాలూ పట్టుకుంటాయి. బోర్లా ఉంచి పట్టు, మన పిల్లల్లా వెల్లకిలా పడుకోబెడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి చన్నులు రోజూ తడిమి చూడు. గట్టిగా, వేడిగా, ఎర్రగా ఉంటే డాక్టర్‌కు చూపించు.

రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి, మూడో వారంలో తూలుతూ నడుస్తాయి. అక్కడి నుంచి నీ ఇల్లు నీది కాదు. నాలుగో వారానికి కుక్కపిల్లల తిండిని గోరువెచ్చని నీళ్లలో మెత్తగా నానబెట్టి పళ్లెంలో పెట్టు. సగం తింటాయి, సగంలో ఈదుతాయి. పసిపిల్లల సెరెలాక్‌తోనే పెంచేసేవాళ్లున్నారు, పొట్ట నిండుతుంది గానీ ఎదిగే కుక్కపిల్లకు ఆ మాంసకృత్తులు చాలవు. నట్టల మందు రెండు వారాల వయసు నుంచి ప్రతి రెండు వారాలకు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత డాక్టర్ చెప్పినట్టు మూడు నాలుగు వారాలకొకటి, రేబిస్ టీకా మూడు నెలలకు. టీకాలు పూర్తయ్యేదాకా కింద సెల్లార్‌లో దింపకు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, చెప్పులకు అంటుకుని పై అంతస్తుకూ వస్తుంది. పిల్లల్ని చూడటానికి వచ్చేవాళ్ల చెప్పులు గుమ్మం బయట, చేతులు సబ్బుతో.

ఇళ్లు వెతకడం అవి పుట్టకముందే మొదలుపెట్టు. ముద్దుగా ఉన్నప్పుడు అందరూ అడుగుతారు, తీసుకెళ్లే రోజు ఫోన్ ఎత్తరు. ఎనిమిది వారాలు నిండకుండా ఎవరు అడిగినా ఇవ్వకు. ఆ వయసు లోపు పిల్లల్ని అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనల్లోనే ఉంది, ఊరికే ఇచ్చినా పిల్లకు కావలసింది అదే వయసు. తోడబుట్టినవాటితో కొట్టుకుంటూనే ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకుంటుంది. ఆడపిల్లల్ని ఎవరూ అడగరు, వాటికి ముందు వెతుకు. బీచ్ రోడ్డులో వదిలేస్తే టూరిస్టులు తిండి పెడతారులే అనే మాట నీ ఇంట్లో ఎవరి నోటా రానివ్వకు. ఆ కార్ల వేగం నువ్వు చూస్తూనే ఉన్నావు. ఎవరూ దొరక్కపోతే ఊళ్లో జంతు సంక్షేమ సంస్థల వాళ్లను అడుగుదాం, కానీ వాళ్ల దగ్గర ఇప్పటికే నిండిపోయి ఉంటాయి, అది ఆఖరి మాట.

పాలు ఎండిపోయాక జూలీకి ఆపరేషన్ చేయించెయ్. ఒక్కసారి ఈనితే ఆరోగ్యమని చెప్పేవాళ్ల మాటకు ఆధారం లేదు. పైగా తర్వాత ఎద ఎప్పుడొస్తుందో చెప్పలేం. డేట్ డాక్టర్‌ను అడిగి ఇప్పుడే రాసిపెట్టుకో.

ఆదివారం నేను వస్తున్నాను, సీతమ్మధార నుంచి బస్సెక్కితే పదకొండుకల్లా మీ ఇంట్లో ఉంటాను. నూలు చీరలు తెస్తాను, నువ్వు పేపర్లు పోగు చేసి ఉంచు, వడ్రంగిని ఆ వేళకే రమ్మను. మీ అత్తగారితో నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ