పాప చదువు సరే, మీ టెట్ సంగతేంటి?

ప్రశ్న: మాది విజయవాడ, అజిత్‌సింగ్‌నగర్. మావారు ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేస్తారు. నెలకు 19 వేలు. నేను బీఎస్సీ మ్యాథ్స్, బీఈడీ చదివాను కానీ ఉద్యోగం చేయలేదు. పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగున్నర. పాపను దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో వేశాం. ఏడాదికి 32 వేలు ఫీజు, వ్యానుకు నెలకు వెయ్యి. రాత్రి తొమ్మిదిన్నర దాకా హోంవర్కు రాస్తూ ఏడ్చేది. 2024లో బుడమేరు వరదకు ఫ్రిజ్జు, మంచాలు, బీరువా పోయాయి. అప్పట్నుంచి ఫీజు కట్టడం కష్టమైంది. ఈ జూన్ నుంచి ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాను. పిల్లలు హుషారుగా ఉన్నారు. మా అత్తగారేమో ‘పిల్లల బతుకు పాడుచేస్తున్నావు’ అంటున్నారు. ఇంట్లో చదివితే రేపు ఇంజినీరింగ్ సీటుకి, గవర్నమెంటు ఉద్యోగానికి పనికొస్తారా? 6 వేలు బాకీ ఉందని పాత స్కూలు వాళ్లు టీసీ కూడా ఇవ్వలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. – ఓ తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసిన దాంట్లో రెండు కారణాలు కలిసిపోయాయి. ఒకటి పాప ఏడుపు, రెండోది ఫీజు. ఈ రెండిటినీ విడదీసి చూద్దాం.

ఫీజు సంగతి ముందు తేల్చేస్తాను. డబ్బు మిగలడం కోసమే ఇంటి చదువైతే, మీ లెక్క తప్పింది. ఇంటికంటే గవర్నమెంటు బడి చవక. పుస్తకాలు, బ్యాగు, బూట్లు, యూనిఫాం అక్కడే ఇస్తారు. మధ్యాహ్నం భోజనం ఉంటుంది, గుడ్డు, చిక్కీ ఉంటాయి. తల్లికి వందనం కింద 2025లో ఒక్కో విద్యార్థికి తల్లి ఖాతాలో 13 వేలు వేశారు, బడి నిర్వహణకు ఇంకో 2 వేలు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆ పథకం ఉంది, కానీ పేరు బడి రిజిస్టర్లో ఉండాలి, హాజరూ ఉండాలి. మీ పాపకు ఇవేవీ రావు. అంటే ప్రైవేటు ఫీజు మిగిలింది నిజమే, ఇటు పక్క 13 వేలు, రోజూ ఒక పూట భోజనం వదులుకున్నారు. మీ వీధి చివర బడిని ఒక్కసారైనా లోపలికి వెళ్లి చూశారా? ‘గవర్నమెంటు బడా!’ అని మొహం ముడుచుకునే వాళ్లలో మీరు ఉండరనే అనుకుంటున్నాను. బీఈడీ చదివి, రేపు డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) రాసి, చేరాల్సింది అలాంటి బడిలోనే కదా.

ఇక పాప ఏడుపు. ఆ కారణం మాత్రం గట్టిది. ఏడేళ్ల పిల్ల రాత్రి తొమ్మిదిన్నరకు పెన్సిల్ పట్టుకుని ఏడుస్తుంటే తప్పు పిల్లది కాదు. ఆ వయసుకు కూర్చోబెట్టి చెప్పాల్సింది రోజుకు రెండు గంటలకు మించి ఉండదని నా అనుభవం. మిగతాదంతా ఇంట్లో, వీధిలో, బజారులో దొరుకుతుంది. మీరు మ్యాథ్స్ మనిషి కాబట్టి మీకు చెప్పనక్కర్లేదు. పటమట రైతుబజారులో పావుకిలో, అరకిలో, కిలో ధరలు పక్కపక్కన పెట్టి చూపిస్తే భిన్నాల పాఠం సగం అయిపోయినట్టే. వచ్చే వేసవిలో ఆవకాయ పెట్టేటప్పుడు కారం, ఆవపిండి, ఉప్పు కొలిచే గిన్నె పాప చేతికివ్వండి. నిష్పత్తి అన్న మాట తర్వాత నేర్చుకుంటుంది. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. వాటిని పదేసి చొప్పున గుంపులు కట్టి లెక్కపెట్టమనండి, ఎక్కాల పుస్తకం కంటే బాగా గుర్తుంటుంది.

బుడమేరు సంగతి మీరు దుఃఖంతో రాశారు. కానీ ఏడేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద భూగోళ పాఠం లేదు. ఇంట్లోకి వచ్చిన ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో అడుగుతుంది కదా. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి వరద నీటిని డైవర్షన్ కాలువలో కృష్ణలోకి మళ్లిస్తారు. 2024లో ఆ కాలువ కట్టలకు గండ్లు పడి నీళ్లు ఊరి మీదికొచ్చాయి. ఒక తెల్ల కాగితం మీద కొల్లేరు, కృష్ణ, మధ్యలో మీ ఇల్లు గీయించండి. మ్యాపు చదవడం దానంతట అదే వస్తుంది.

పుస్తకాలకు ఖర్చు పెట్టకండి. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి, దీక్ష యాప్‌లో ఉచితంగా దొరుకుతాయి. ‘ఇంగ్లీషు రాదేమో’ అన్న భయానికి ఆ ఎదురెదురు పేజీలే మందు. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు బోలెడున్నాయి, అవీ ఉచితమే. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులకు నెలకోసారి తీసుకెళ్లి, చెరో వంద రూపాయలిచ్చి వాళ్లనే ఏరుకోనివ్వండి. బాబు బొమ్మల పుస్తకమే ఏరుకుంటాడు. ఏరుకోనివ్వండి.

చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని అందులో ఉంది. ఇంట్లో చదివించడానికి అనుమతి అని ఎక్కడా రాయలేదు, చదివిస్తే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అనీ రాయలేదు. అందుకని మీ వార్డు సచివాలయం వాళ్లు బడి బయట పిల్లల లెక్క రాసుకోవడానికి గడప తొక్కితే కోపం తెచ్చుకోవద్దు, అది వాళ్ల డ్యూటీ. పాప నోటుబుక్కులు చూపించి, ఉన్నమాట చెప్పండి. అదే చట్టంలో మీకు పనికొచ్చే మాట ఇంకోటుంది. ఇప్పటిదాకా బడి మొహం చూడని పిల్లనైనా సరే వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, దానికి పరీక్షలు పెట్టకూడదు. పేరున్న స్కూళ్లు దీన్ని ఎంత చక్కగా పాటిస్తాయో మీకూ నాకూ తెలుసు, అది వేరే సంగతి. ప్రభుత్వ బడి వరకు మాత్రం ఆ తలుపు పద్నాలుగేళ్ల దాకా తెరిచే ఉంటుంది.

ఇప్పుడు మీ అసలు భయం, సీటు, ఉద్యోగం. ఇంట్లో చదివిన పిల్లలకు చదువులో దెబ్బ తగలడం నేను పెద్దగా చూడలేదు. కాగితాల దగ్గరే దెబ్బ తింటారు.

ఇంటి చదువుతోనే పెద్దయితే పదో తరగతికి ఓపెన్ స్కూలు ఉంది. ఎన్‌ఐఓఎస్ కేంద్రానిది, ఏపీ ఓపెన్ స్కూల్ మన రాష్ట్రానిది. పద్నాలుగేళ్లు నిండితే పది, పదిహేను నిండితే ఇంటర్ కట్టొచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో చిన్నపిల్లలకు కూడా ఎ, బి, సి అని మూడు మెట్లున్నాయి. అవి మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానం. అయిదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ ఇంటర్ పాసైన వాళ్లు జేఈఈ రాయొచ్చు, నీట్ కూడా రాయొచ్చు. కాబట్టి ‘ఇంట్లో చదివితే ఇంజినీరింగ్ రాదు’ అన్న మాట తప్పని మీ అత్తగారికి ధైర్యంగా చెప్పండి.

కానీ మూసుకుపోయే తలుపులూ ఉన్నాయి. నవోదయలో, అంటే కేంద్రం నడిపే హాస్టల్ బడిలో, ఆరో తరగతి పరీక్ష రాయాలంటే మూడు, నాలుగు తరగతులు గుర్తింపు ఉన్న బడిలో పూర్తిగా చదివి, అయిదు చదువుతూ ఉండాలి. నెలకు 19 వేల మీద బతికే ఇంటికి నవోదయ సీటంటే చిన్న విషయం కాదు. అందుకే, మీరు గడువు అడగలేదు గానీ నేనే పెడుతున్నాను: పాపను మూడో తరగతికి బడిలో చేర్చండి. అప్పటిదాకా, అంటే వచ్చే జూన్ వరకు, ఇంటి చదువు నిశ్చింతగా సాగించండి. బాబుకు ఇంకా నాలుగున్నరే, వాడి గురించి ఇప్పుడు బెంగ పెట్టుకోవడం దండగ.

రెండోది లోకల్, నాన్‌లోకల్ గొడవ, అంటే ఈ ప్రాంతం వాళ్లా, బయటివాళ్లా అన్నది. మన రాష్ట్రంలో ఎంసెట్ అని ఇప్పటికీ మనం పిలిచే ఈఏపీసెట్ సీటుకైనా, ప్రభుత్వ ఉద్యోగానికైనా స్టడీ సర్టిఫికెట్ అడుగుతారు. సీటుకైతే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివాడో చూస్తారు, ఉద్యోగానికైతే పదో తరగతి దాకా వరుస నాలుగేళ్లు. బడిలో చదవని వాళ్లకు ఆ నాలుగేళ్లు ఎక్కడ నివాసం ఉన్నారో తహసీల్దారు ఇచ్చే సర్టిఫికెట్ చూపాలి. గుంటూరు బ్రాడీపేట నుంచి నా దగ్గరికొచ్చిన ఓ కుర్రాడు ఇంట్లోనే చదివి, ఓపెన్‌లో ఇంటర్ మంచి మార్కులతో పాసయ్యాడు. మధ్యలో తండ్రి పని మీద మూడేళ్లు బెంగళూరులో ఉన్నారు, అద్దె కాగితం ఒక్కటీ దాచలేదు. ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్ తేదీలు దగ్గర పడుతుంటే తండ్రీకొడుకులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. మీ బీరువా వరదలో పోయిందన్నారు. పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, మీ డిగ్రీ, బీఈడీ కాగితాలు తడిసిపోయి ఉంటే ఇప్పుడే నకళ్లు తీసుకోండి, దొరికినవన్నీ డిజీలాకర్‌లో పెట్టండి.

ఇంతసేపూ పిల్లల గురించి మాట్లాడాం. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఎక్కువ బెంగ వేసింది మాత్రం ఒక్క ముక్క దగ్గర: ‘బీఈడీ చదివాను కానీ ఉద్యోగం చేయలేదు’. ఇంట్లో ఒక్క జీతం. లేత్ పని. ఆయన చేతికి చిన్న గాయమైతే నెల గడవదు. పిల్లల కెరీర్‌కు ఇంకా పదేళ్ల టైముంది, మీ కెరీర్‌కు లేదు.

మీరు టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) రాశారో లేదో చెప్పలేదు. రాయకపోతే రాయండి, ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. ఒక జాగ్రత్త: బీఈడీతో ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టుకు వీల్లేదు, ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మీరు రాయాల్సింది టెట్ పేపర్ 2ఎ, పై తరగతులకు చెప్పే మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్ పోస్టు కోసం. మొత్తం 150 మార్కులు. 60 మ్యాథ్స్, సైన్సుకు. 30 మార్కులు పిల్లల మనస్తత్వం, బోధన పద్ధతుల మీద. మిగతా 60 తెలుగు, ఇంగ్లీషు. పాస్ కావడానికి ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 రావాలి. రోజూ ఇద్దరు పిల్లలకు చెబుతున్న మనిషికి ఆ 30 మార్కుల పేపరు పుస్తకం బట్టీ కొట్టేవాళ్ల కంటే తేలిగ్గా ఉంటుంది. పాప ఎక్కడ తడబడిందో, మీరు ఏం మార్చి చెప్పారో రోజూ రెండు లైన్లు రాసుకోండి, అదే మీ ప్రిపరేషన్. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి. అంత పెద్ద నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడొస్తుందన్నది ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి టెట్ చేతిలో ఉంచుకుని ఎదురుచూడటమే తెలివి.

ఈలోగా సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా మీ వీధి పిల్లలు ఆరుగురికి ట్యూషన్ మొదలుపెట్టండి. తలా 500 అనుకున్నా నెలకు 3 వేలు. మీ పిల్లలకు తోటివాళ్లు దొరుకుతారు. ఇంటి చదువులో నాకు నచ్చని విషయం ఒంటరితనమే, దానికి ఇంతకంటే చవకైన విరుగుడు లేదు.

ఫీజు, వ్యాను కలిపి నెలకు మూడున్నర వేలకు పైగానే మిగలాలి. మిగలడం లేదంటే వరద అప్పుల్లోకి పోతోందన్నమాట, అది సహజమే. అప్పు తీరుస్తూనే రెండు పనులు చేయండి. పాపకు పదేళ్లు నిండకముందే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, ఏడాదికి కనీసం 250 కట్టినా ఖాతా బతికే ఉంటుంది. ఆయన పేరు మీద బ్యాంకులో 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాద బీమా) చేయించండి. రెండూ ఏడాదికోసారి కట్టేవి, ఒక్కోటి 2 లక్షలు. వర్క్‌షాపులో పదిమంది, అంతకు మించి పనిచేస్తుంటే, జీతం 21 వేల లోపే కాబట్టి ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) రావాలి. జీతం చీటీలో కోత ఉందో లేదో ఈ నెలే అడగమనండి. అడిగితే ఓనరు ఏమనుకుంటాడో అని ఆగొద్దు.

చివరికి టీసీ. అది లేదన్న కారణంతో ప్రభుత్వ బడి పాపను చేర్చుకోననకూడదు, చట్టంలోనే ఉంది. కాబట్టి ఆ 6 వేల కోసం వడ్డీకి అప్పు చేయకండి. పాత స్కూలుకు ఒక అర్జీ రాసి, వాయిదాల్లో కడతామని చెప్పి, రసీదు తీసుకుంటూ నెలకు వెయ్యి చొప్పున కట్టేయండి. జూన్‌లో పాపను చేర్చే రోజుకు టీసీ వస్తే ఇవ్వండి, రాకపోతే పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్ పట్టుకుని నేరుగా హెడ్‌మాస్టరు గారి దగ్గరికి వెళ్లండి. మీ బీఈడీ సంగతి కూడా ఆయన చెవిన వేయండి.