ఉన్నమాటే అన్నాను, బావగారు కెమెరా బీరువాలో పెట్టేశారు

ప్రశ్న: మాది అనంతపురం. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. వయసు 41. ఆదివారం తెల్లవారుజామున కెమెరాలు పట్టుకుని తిరిగే స్నేహితులం పదిమందిమి ఉన్నాం. నెలకోసారి ఎవరో ఒకరింట్లో టీవీలో ఫొటోలు పెట్టుకుని, ఒకరివి ఒకరం చూసి చెప్పుకుంటాం. మా బావగారు బ్యాంకులో వీఆర్ఎస్ తీసుకున్నాక ఇంట్లో ఊరికే కూర్చుంటున్నారని నేనే ఆయన్ని తీసుకెళ్లాను. వాళ్లమ్మాయి కెమెరా కొనిచ్చింది. పోయిన నెల, కేఆర్ మార్కెట్‌లో పూలు మూర వేస్తున్న ఒకామెను తీసిన ఫొటో పెట్టి ‘ఎలా ఉందిరా?’ అన్నారు. మొహం బాగానే వచ్చింది కానీ చెయ్యంతా షేక్, వెనక బల్బు వెలుగు మరీ ఎక్కువై తెల్లటి మచ్చలా వచ్చింది, పక్కన గోనెసంచులు. అదే చెప్పి, ‘డిలీట్ కొట్టెయ్యండి బావా’ అన్నాను. అందరూ నవ్వారు. అంతే, ఆయన రావడం మానేశారు. కెమెరా బీరువాలో పెట్టేశారట. నన్ను ఎత్తుకుని పెంచిన అక్క కూడా ఫోన్ ఎత్తడం లేదు. మొదట్లో ఈ స్నేహితులు నా ఫొటోల్ని కూడా ఇలాగే ఏకిపారేశారు, నేను అలగలేదే. నిజం చెప్పడం తప్పా?

జవాబు: నిజం సంగతి తర్వాత. ముందు ఆ ఫొటో సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు దాన్ని సరిగ్గా చూడలేదని నా అనుమానం.

నేనూ కొన్నేళ్లు మెడలో కెమెరా వేసుకుని తిరిగినదాన్నే. తెల్లవారకముందు ఆ పూల మార్కెట్ లోపల వెలుతురు ఎంతుంటుందో తెలుసు. కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే షట్టర్ (వెలుతురును లోపలికి పడనిచ్చే తెర) సెకనులో ముప్పయ్యో వంతు సేపు తెరుచుకుని ఉన్నా ఆశ్చర్యం లేదు. అంతసేపట్లో ఏది కదిలినా అలుక్కుపోతుంది. మీ బావగారి చెయ్యి వణికి ఉంటే ఫొటో మొత్తం అలికినట్టు వచ్చేది, మొహంతో సహా. మొహం బాగా వచ్చిందని మీరే రాశారు. అంటే షేక్ కాదు. ఆయన కదలకుండానే పట్టుకున్నారు. కదిలింది ఆమె చెయ్యి. మోచేతి నుంచి వేలి కొసదాకా దండ లాగి, గిరాకీ వైపు చూస్తూ, మూర వేస్తున్న చెయ్యి. (అక్కడ మొళ అంటారు. వాళ్ల మొళ మన మూర కంటే పొట్టి అని నాకెప్పుడూ అనుమానమే.) నిలకడగా ఉన్న మొహం, గిర్రున తిరిగే చెయ్యి... ఇలా రావాలని కావాలనే షట్టర్ వేగం తగ్గించి తీసేవాళ్లున్నారు. ఆయనకు అది అనుకోకుండా కుదిరి ఉండొచ్చు. మీరు డిలీట్ అన్నారు.

బల్బు, గోనెసంచులు నిజమే. ఒక్క అడుగు పక్కకు జరిగి ఉంటే రెండూ తప్పేవి. కానీ ఆ మాట ఆయన నోటితోనే వచ్చేలా చెయ్యొచ్చు. ఒకసారి లాల్‌బాగ్‌లో గాజుమేడ (గ్లాస్‌హౌస్) తీశాను, 1889లో పునాదిరాయి వేసిందే. దగ్గరగా నిలబడి కెమెరా పైకెత్తి తీస్తే ఇనుప స్తంభాలన్నీ లోపలికి వాలిపోయాయి. చూసిన పెద్దాయన వంకరగా ఉందని అనలేదు. ‘ఎక్కడ నిలబడి తీశావమ్మా?’ అన్నారు. చెబుతుండగానే నాకు వెలిగింది, వెనక్కి వెళ్లి కెమెరా నిటారుగా పట్టుకోవాల్సిందని. ఆయన ఇంకేమీ అనలేదు, టీ తాగారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ‘నా ఫొటోల్ని కూడా ఏకిపారేశారు’ అన్నది. అత్త పెట్టిన ఆరళ్లన్నీ పడి, తన వంతు రాగానే కోడలికి అవే పెట్టే ఇల్లాలు గుర్తొచ్చింది. మీరు అలగలేదంటున్నారు. కానీ ఇన్నేళ్లయినా మర్చిపోలేదు కదా! పైగా మిమ్మల్ని అన్నవాళ్లు పరాయివాళ్లు, మీకప్పుడు ఉద్యోగం ఉంది, రోజంతా మీకోసం ఎదురుచూసే పని ఉంది. ఆయన్ని అన్నది సొంత బావమరిది. అదీ ఇంకా పేర్లు కూడా సరిగ్గా తెలియని పదిమంది ముందు. మన ఇళ్లలో బావని ఆటపట్టించడం మామూలే, పెళ్లిలో చెప్పులు దాచింది మీరే అయ్యుంటారు. కానీ ఆ ఆట మనవాళ్ల మధ్య ఆట.

అలాగని ఇప్పుడు వెళ్లి ‘అద్భుతం బావా’ అనకండి. ఇన్నేళ్లు కౌంటర్‌కి ఇవతల కూర్చుని అప్పు అడిగేవాళ్ల మొహాలు చదివిన మనిషి, ఇట్టే పట్టేస్తారు. చూడకుండా అనే ‘బావుంది’ కూడా అవమానమే.

వాట్సాప్‌లో సారీ పెట్టొద్దు. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లండి. ‘ఆ రోజు అందరిలో అలా అనడం నాదే తప్పు’ అని ఒక్క ముక్క అనండి. దానికి ‘కానీ’ తగిలించకండి. తర్వాత ఆ ఫొటో మళ్లీ చూపించమనండి. ఆమె దగ్గర ఎందుకు ఆగారో అడిగి, నోరు మూసుకుని వినండి. మీకు ఇదే కష్టం. మొహం, చెయ్యి గురించి నేను పైన రాసింది మీకే కనిపిస్తే చెప్పండి, కనిపించకపోతే నా మాట అరువు తెచ్చుకుని చెప్పొద్దు.

ఆయన మెత్తబడితే ఆదివారం ఐదున్నరకల్లా మీరిద్దరే మార్కెట్‌కి వెళ్లండి. మొదటి అంతస్తు మీదకు ఎక్కి కిందికి బంతిపూల రాశులు తీయడం అందరూ చేసేదే, అది తర్వాత చూసుకోవచ్చు. కిందే నిలబడి, చెయ్యి కూడా ఆగాలంటే షట్టర్ వేగాన్ని బాగా పెంచి, తగ్గిన వెలుతురుకు బదులుగా ఐఎస్ఓని (కెమెరా వెలుతురును పట్టుకునే శక్తి) కూడా పైకి పోనివ్వాలని చూపించండి. కాస్త గరుకుగా వస్తుంది, ఫర్వాలేదు. ఏది నచ్చుతుందో ఆయన్నే ఎంచుకోనివ్వండి. ఆమెను ముందు పలకరించి, ఓ రెండు మూరలు కొని తీస్తే ఇంకా మంచిది.

బృందంలోకి తిరిగి రమ్మని మాత్రం మీరు అడగొద్దు. దానికి ముందు అక్కడ ఒక మార్పు చేయండి. చాలా పోటీల్లో జడ్జీలకు ఎవరి ఫొటోయో తెలియనివ్వరు. మీరూ పేర్లు లేకుండా పెట్టుకుని చూడండి. ఎవరిదో తెలియకపోతే నవ్వు కూడా ఆచితూచి వస్తుంది. అందులో మీవి కూడా ఉంటాయి కదా.

అక్క కోపం ఫొటో గురించి కాదు. చాలా రోజుల తర్వాత ఆదివారం పొద్దున ఇంట్లో అలారం మోగుతుంటే ఆమె సంతోషపడి ఉంటుంది, అది మళ్లీ ఆగిపోయింది. ఆమెను మధ్యవర్తిని చేయకండి, ‘నువ్వైనా చెప్పక్కా’ అనకండి. ఆ శనివారం పళ్లెంలో ఏం పెడితే అది తినండి. పూలు తీసుకెళ్తే మూర సరిగ్గా వేయించుకుని వెళ్లండి, ఆమె కొలుస్తుంది.